మా ఇంట్లో చర్మం సిద్ధమవుతోంది

కరువొస్తే కేంద్ర బృందం వస్తుంది. వరదొస్తే మంత్రిగారు హెలికాప్టర్‌లోంచి చూసి పోతారు. ఉల్లిపాయల ధర పెరిగితే పార్లమెంటు దద్దరిల్లుతుంది. ఇంట్లో ఆడపిల్ల లేజర్‌తో అవాంఛిత రోమాలు తీయించుకోవడానికి చర్మాన్ని సిద్ధం చేసుకుంటుంటే మాత్రం, ఆ ఇంటి యజమాని తిన్నాడా, పడుకున్నాడా, అసలు ఉన్నాడా అని అడిగిన నాథుడు లేడు. అందుకే ఈ విన్నపం నేరుగా మీకే పెట్టుకుంటున్నాను. పెళ్లి కుదిరిన పిల్ల మీ ఇంట్లోనూ ఉంటే ఇందులో సగం మీకు ముందే తెలుసు. మిగతా సగం మీ ఆవిడకు తెలుసు.

అసలు పని చూడబోతే చిటికెలో అయిపోతుంది. పైపెదవి, గడ్డం కలిపినా కాఫీ చల్లారేలోపు పూర్తి. యుద్ధమంతా దానికి ముందే. డాక్టరమ్మ ఇచ్చిన సూచనల కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద వెలసింది. అక్కడ ఏళ్ల తరబడి కాపురముంటున్న పాల లెక్క, గ్యాస్ బుకింగ్ నంబరు, ఎలక్ట్రీషియన్ విజిటింగ్ కార్డు నిర్వాసితులయ్యాయి. పునరావాసం లేదు, పరిహారం లేదు. కాగితం నిండా ఆంక్షలే. ఎండలోకి వెళ్లొద్దు. త్రెడింగ్ వద్దు. వ్యాక్సింగ్ వద్దు. ప్లక్కర్ ముట్టుకోవద్దు. బ్లీచ్ వద్దు. స్క్రబ్ వద్దు. రెటినాల్ క్రీములు కొన్నాళ్ల ముందే ఆపేయాలి. అంత పొడుగు కాగితంలో ఆంక్ష లేని వాక్యం ఒకటే కనిపించింది. అది డబ్బులు ఎక్కడ కట్టాలో చెప్పేది.

ముందుగా ఎండ సంగతి. మాది బెజవాడ. నెల మే. ఈ ఊళ్లో ఈ నెలలో ఎండలోకి వెళ్లొద్దని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు కానీ, డాక్టరు చెబితే ఆ మాటకు చట్టబద్ధత వస్తుంది. కారణం కూడా చెప్పారు. లేజర్ కాంతి వెతికేది మెలనిన్ అనే నల్ల పదార్థాన్ని. వెంట్రుకలోని నలుపు ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కితే ఆ వేడికి దాని కుదురు దెబ్బతింటుంది, చుట్టుపక్కల చర్మం క్షేమంగా ఉంటుంది. ఇది 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు చెప్పిన సూత్రం. చిక్కల్లా ఏమిటంటే, చర్మంలోనూ అదే మెలనిన్ ఉంది. ఎండ తగిలితే అది ఇంకా పెరుగుతుంది. యంత్రానికి ఏది వెంట్రుకో, ఏది నిన్న బస్టాపులో నిలబడి తెచ్చుకున్న నలుపో తేడా తెలియదు. తెలియక చర్మాన్నే కాలుస్తుంది, బొబ్బలెక్కుతుంది, మచ్చ పడుతుంది. కాబట్టి కనీసం రెండు నుంచి నాలుగు వారాలు ఎండకు కనపడకూడదు. థియొడర్ మైమన్ 1960లో రూబీతో తొలి లేజర్ వెలిగించినప్పుడు, దాని ధర్మమా అని బెజవాడలో ఒక పెద్దమనిషి పగలంతా చీకట్లో కూర్చుంటాడని ఊహించి ఉండడు. ఊహిస్తే ఆర్పేసేవాడు.

అవును, చీకట్లోనే. కిటికీ అద్దంలోంచి కూడా యూవీఏ కిరణాలు లోపలికొస్తాయని మా అమ్మాయి ఎక్కడో చదివింది. నిజమేనట, డాక్టరమ్మా ధ్రువీకరించారు. ఇంకేం, హాల్లో పరదాలు దించారు. వాటి వెనక పాత దుప్పట్లు వేలాడదీశారు. పొద్దున్నే వెలుతురు పడే చోట పాతికేళ్లుగా నేను పేపరు చదువుకునే వాలుకుర్చీని తీసుకెళ్లి స్టోర్ రూమ్ పక్కన పడేశారు. ఆ వెలుతుర్లో ఇప్పుడు ఎవరూ కూర్చోరు, నేనూ కూర్చోను, అదొక నిషేధిత ప్రాంతం. అయినా అమ్మాయి ఇంట్లో కూర్చునే ఎస్పీఎఫ్ ముప్ఫైకి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడుగునా పిండుకుని ముఖానికీ మెడకీ పట్టిస్తుంది. రెండు మూడు గంటలకోసారి మళ్లీ పట్టించాలట. నేను మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు వేసుకుని సంపాదకీయాలు చదువుతున్నాను. కరెంటు బిల్లు నా పేరు మీదే వస్తుంది.

ఇంతలో మాగాయ రోజులొచ్చాయి. తొక్క తీసి కోసిన మామిడికాయ ముక్కల్ని ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి, పిండి, డాబా మీద ఎండబెట్టాలి. ఏటా ఆ డ్యూటీ అమ్మాయిది. ఈ ఏడు ఆమెకు డాబా నిషిద్ధం. అబ్బాయికి ఆన్‌లైన్ మీటింగు. మా ఆవిడకు మోకాళ్లు. అలా వడపోయగా వడపోయగా, లేజర్ అవసరం లేని చర్మం ఇంట్లో నాదొక్కటే తేలింది. పాత పంచె పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ముక్క ముక్కనూ పైది కిందికి కిందిది పైకి తిప్పుతూ, అంటుకున్న ముక్కల్ని విడదీస్తూ, నీళ్లట్యాంకు మీద కూర్చుని నా వంకే చూస్తున్న కాకిని అదిలిస్తూ ఉంటే, స్లిప్పరు అడుగు మెత్తబడి డాబాకు అతుక్కుంటోంది. వేళ్లన్నీ పసుపు. మెడ వెనక చుర్రుమంటోంది. కింద నుంచి మా ఆవిడ కేకేసింది. ఎండ దెబ్బ తగులుతుందని పిలుస్తోందేమో అనుకుని ఆశగా పిట్టగోడ దగ్గరికి వెళ్లాను. "ఏవండీ, ఊట గిన్నె కూడా ఎండలోకి జరపండి" అంది.

మా అమ్మ బాధ వేరు. ఆవిడ దృష్టిలో ఆడపిల్ల చర్మానికి సున్నిపిండి, పసుపు, ఆముదం తప్ప వేరే రాజ్యాంగం లేదు. పెళ్లి కుదిరిన మర్నాటి నుంచే పెసలూ బావంచాలూ కచ్చూరాలూ ఆడించి డబ్బాకెత్తి ఉంచింది. ఇప్పుడు రుద్దుడు వద్దు, పూతలు వద్దు, చర్మం చిరచిరలాడకుండా ప్రశాంతంగా ఉండాలి అనేసరికి, ఆ డబ్బా పట్టుకుని నిరసన దీక్షకు దిగింది. దానికి తోడు ఆసుపత్రి ఫారంలో మనవరాలి చర్మానికి ఎదురుగా 'నాలుగో రకం' అని రాసి ఉండటం చూసింది. 1975లో హార్వర్డ్‌కు చెందిన ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు, ఎండకు ఎవరు ఎర్రగా కందుతారు, ఎవరు నల్లబడతారు అని చూసి మనుషుల్ని రకాలుగా విడదీశాడు. ఇప్పుడవి ఆరు. మనవాళ్లు ఎక్కువగా నాలుగూ ఐదుల్లో పడతారు. ఏ రకమో తెలిస్తేనే ఏ లేజర్, ఎంత మోతాదు అన్నది తేలుతుంది. మన చాయలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ క్షేమమంటారు, అది పైపొరలోని నలుపుతో పెద్దగా పేచీ పెట్టుకోకుండా లోతుకు దిగిపోతుంది. ఇదంతా నేను విడమర్చి చెప్పాను. మా అమ్మ పూర్తిగా విని, "చామనఛాయ అని చెప్పాం, పెళ్లివారు సరేనన్నారు. మధ్యలో ఈవిడెవర్రా నాలుగో రకం అనడానికి? పిల్లేమన్నా రేషన్ బియ్యమా?" అంది. కాబోయే అల్లుడిగారి వీపు ఎన్నో రకమో ఎవరూ అడగలేదు. ఆయన్ని చూశాను కాబట్టి అంటున్నాను, అడగాల్సింది.

ఇక అన్నిటికన్నా నా బుర్ర తినేసింది వెంట్రుకల నియమావళి. లేజర్‌కు నాలుగు వారాల ముందు నుంచి దారంతో లాగకూడదు, మైనంతో పీకకూడదు. వేరుతో సహా ఊడొస్తే లేజర్‌కు లోపల పట్టుకోవడానికి ఏమీ దొరకదు కదా. పోనీ పెరగనిద్దామా అంటే అదీ కాదు. ముందురోజు శుభ్రంగా షేవ్ చేసుకుని రావాలి. పైన వెంట్రుక ఉంటే అదే అంటుకుని చర్మం కాలుతుంది. అంటే వెంట్రుక లోపల ఉండాలి, బయట ఉండకూడదు. పెరగాలి, కనపడకూడదు. హిరణ్యకశిపుడు కూడా బ్రహ్మను ఇంత మెలికపెట్టి అడగలేదు. ఈ నాలుగు వారాల్లో ఇంటికి చుట్టాలొస్తే అమ్మాయి గదిలోంచి రాదు. "పిల్లకు ఒంట్లో బాలేదా?" అని వాళ్లు, "లేదండీ, చదువుకుంటోంది" అని నేను. చదువై మూడేళ్లయింది.

షేవింగ్ అనగానే మా అమ్మ దీక్ష ఆమరణ దీక్షగా మారింది. "ఆడపిల్ల మొహం మీద కత్తా? రేపు గుబురుగా మొలిస్తే ఎవరిదిరా పూచీ?" అని. అలా ఏమీ జరగదు నానమ్మా, రేజరు చర్మం పైపైనే కోస్తుంది, కుదురును తాకదు, కొస మొండిగా ఉండటం వల్ల గరుగ్గా తగులుతుందంతే అని అమ్మాయి నచ్చజెప్పింది. సైన్సు గెలిచింది, నేను ఓడిపోయాను. ఎందుకంటే కాగితంలో 'కొత్త, పదునైన రేజరు' అని ఉంది. ఇంట్లో ఉన్న కొత్త, పదునైన రేజరు నేను ఉగాదికి కొనుక్కుని, మంచిరోజు చూసి తెరుద్దామని దాచుకున్నది. మర్నాడు పాతదానితోనే కానిచ్చాను. నా గడ్డం మీద గాటు చూసి ఆఫీసులో అటెండరు అడిగాడు. ఇంట్లో అడగలేదు.

ఇదంతా ఒక్కసారికే అనుకుంటున్నారా? పాపం, మీదింకా లేత ప్రాణం. ఒంటి మీది వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని ఆగుతాయి, కొన్ని విశ్రాంతి తీసుకుంటాయి. పెరిగే దశలో ఉన్నదానికే లేజర్ దెబ్బ గట్టిగా తగులుతుంది. మిగతావి ఎప్పుడు నిద్రలేస్తే అప్పుడు మళ్లీ వెళ్లాలి. అలా నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, మొత్తం ఆరో ఎనిమిదో సిట్టింగులు. మధ్యలో ప్రతిసారీ ఇదే ఎండ నిషేధం, ఇదే దారం నిషేధం, ఇదే రేజరు ఉద్వాసన. పెళ్లి మాఘంలో. అందుకని ఇప్పుడు మా ఇంట్లో రెండు పంచాంగాలు నడుస్తున్నాయి. సిద్ధాంతిగారు మంచిదన్న రోజు డాక్టరమ్మ కాదంటారు. డాక్టరమ్మ ఖాళీ అన్న రోజు వర్జ్యం. మా బావమరిది కూతురి పెళ్లిలో నలుగు పెట్టడానికి వీల్లేదు, అన్నవరం మెట్లెక్కడానికి వీల్లేదు, సూర్యలంక బీచికి అసలే వీల్లేదు. ఇంత చేసినా అమెరికా ఎఫ్‌డీఏ వారు దీన్ని శాశ్వతంగా తగ్గించేదిగానే ఒప్పుకున్నారు తప్ప, పూర్తిగా తీసేసేదిగా కాదు. పీసీఓడీ వంటి హార్మోన్ల గొడవలుంటే మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుందని కూడా చెప్పారు. చెక్కు పుస్తకం అయిపోయింది, కొత్తదానికి అర్జీ పెట్టాను.

ఒక్క విషయం మాత్రం నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ డాక్టరమ్మ మొదటి రోజు అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నావా, డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నావా, నెలసరి సరిగా వస్తోందా, ఈ మధ్య ఎండలో తిరిగావా, లేజర్ వేసే చోట పచ్చబొట్టేమైనా ఉందా అని. తర్వాత దవడ పక్కన ఓ చిన్న చోట పరీక్షగా లేజర్ వేసి, ఏమీ కాలేదని తేలాకే మొదలుపెట్టారు. మా సందు చివర సగం ధరకే చేస్తామని కరపత్రాలు పంచిన చోట అడిగిన ప్రశ్న ఒకటే, అడ్వాన్సు నగదా, ఫోన్‌పేనా అని. ప్రశ్నలడగని చోటికి పిల్లను పంపకండి. నా మీద నమ్మకం లేకపోతే మీ ఆవిణ్ని అడగండి, ఎలాగూ అడుగుతారు.

మొన్న సిట్టింగు రోజు సెంటు, పౌడరు, డియోడరెంటు, కాటుక అన్నీ మానేసి, వదులు నూలు చుడీదార్ వేసుకుని, చున్నీ ముఖానికి చుట్టుకుని అమ్మాయి కారెక్కింది. సాయంత్రం ఆరు దాటితే గానీ బయల్దేరలేదు, సూర్యాస్తమయం నిర్ధారించుకుని. నేను ఆసుపత్రి హాల్లో కూర్చున్నాను. లోపల టిక్ టిక్‌మని చప్పుడు, తలుపు సందులోంచి వెంట్రుకలు కమిలిన వాసన. కాసేపటికి నల్ల కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ డాక్టరమ్మ బయటికొచ్చారు. అంతా బాగా జరిగిందన్నారు, రెండు వారాలు ఎండ తగలనివ్వొద్దన్నారు. వెళ్లబోతూ ఆగి నా చెవుల వంక ఒకసారి చూశారు. "మీకు కుదరదండీ. తెల్లబడ్డాయి కదా, యంత్రానికి తెల్లవి కనపడవు" అన్నారు.

నేనేమీ అడగలేదు. మా ఆవిడ ఫోన్ చేసి అడిగింది.