మామూలు కాగితం

నేను వీలునామాని. అయినా నా నెత్తిన రాజముద్ర లేదు. స్పెయిన్ రాజు ఏలుబడిలో ఇలాంటివి ముద్ర కాగితం మీదే రాయాలి. కానీ 18వ శతాబ్దపు నడిమి రోజుల్లో న్యూ మెక్సికోలో అది దొరకడం గగనం. మెక్సికో నగరం నుంచి శాంతాఫేకి సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు, బండ్ల బిడారుకు నెలల ప్రయాణం. అందుకే ముద్ర కాగితం ఇక్కడ లేదు కనుక మామూలు కాగితం వాడుతున్నామని నా మీదే సంజాయిషీ రాసేశారు. నోటరీ కూడా లేకపోవడంతో, ఇద్దరు సాక్షులను పక్కన కూర్చోబెట్టుకుని ఆల్కాల్దే రాశాడు. ఒకప్పటి మీ కరణం, మునసబు కలిసి ఒకే మనిషయితే ఎలా ఉంటాడో అలాంటివాడు.

చెప్పింది ఒక వితంతువు. దేవుడి పేరు, ఆత్మ సంగతి గబగబా అయిపోయాయి; ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు లేచింది. అప్పట్లో గదిని కప్పుకు పట్టిన దూలాలతో లెక్కపెట్టేవారు. పది దూలాల గది కొడుక్కి, ఆరు దూలాలది కూతురికి. తలుపు, దాని తాళం ఎవరివో విడిగా చెప్పింది. తర్వాత రాగి బిందె, ఆడగుర్రం, పట్టు పావడా, కాలవ పక్కన మొక్కజొన్న చెక్క. ఆడది ఆస్తి పంచుతోందని ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. స్పెయిన్ చట్టంలో పుట్టింటి సొత్తు ఆవిడదే, కాపురంలో కూడబెట్టిన దాంట్లో సగం ఆవిడదే. ఆవిడకు సంతకం రాదు, ఒక సాక్షి చేశాడు. తడి సిరా మీద ఇసుక చల్లారు. కరక్కాయలాంటి మాచికాయతో, అన్నభేదితో చేసిన సిరా అది. ఒత్తి రాసిన చోటల్లా ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

1680కి ముందటి కాగితాలు శాంతాఫేలో దాదాపు లేవు. ఆ ఏడాది ఇక్కడి ఆదివాసులైన ప్వెబ్లో ప్రజలు తిరగబడి స్పెయిన్ వాళ్ళను తరిమికొట్టినప్పుడు అవి బూడిదయ్యాయి. అణిగి ఉన్నవాళ్ళ కోపం అది. దానికి నేను వంకపెట్టను.

వంకపెట్టాల్సింది తర్వాతి సంగతికి. 1848 ఒప్పందంతో ఈ నేల అమెరికాదైంది. 1854లో సర్వేయర్ జనరల్ ఆఫీసు పెట్టారు. పాత భూముల హక్కులు తేల్చడం దాని పని. ఆ మొక్కజొన్న చెక్క పుణ్యమా అని నన్ను కట్టల్లోంచి ఏరారు. మిగిలినవాళ్ళలో చాలామందిని 1870 ప్రాంతంలో అప్పటి గవర్నరు హయాంలో చిత్తుకాగితాలుగా అమ్మేశారు. కొట్లలో పొట్లాలు కట్టారు! ఊరు గగ్గోలెత్తాక కొన్ని వెనక్కి వచ్చాయి. అలా మిగిలినవి 1903లో వాషింగ్టన్ చేరి, 1923లో తిరిగొచ్చాయి.

1914లో ట్విచెల్ అనే వకీలు మా అందరికీ పట్టిక అచ్చువేశాడు. చేసిన మేలు కాదనను. కానీ అందులో నాకు దక్కింది ఒక అంకె, పేరు, తేదీ. పట్టు పావడా లేదు. ఆవిడ పట్టుబట్టి చివర రాయించిన బాకీల జాబితా అసలే లేదు. పొరుగాయన రెండు గొర్రెలు ఇవ్వాలి. చెల్లినట్టు నా మీద ఎక్కడా గీత పడలేదు.