సారుకు తప్ప అందరికీ తెలుసు

సైబర్ భద్రతపై సిబ్బందికి అవగాహన సదస్సు. ఫ్లెక్సీ, సమోసా, టీ అన్నీ అమరాయి. ‘పాస్‌వర్డ్ కన్నతల్లికి కూడా చెప్పకండి’ అని పెద్దసారు గంటసేపు దంచారు. తీరా ప్రజెంటేషన్ తెరవబోతే లాగిన్ గుర్తురాలేదు. ‘ఏమయ్యా, నా పాస్‌వర్డ్ ఏంటయ్యా?’ అని వెనక్కి తిరిగారు. ఆపరేటర్ మైకులోనే చెప్పేశాడు: ఆఫీసు పేరు, ఎట్ ద రేట్, 123. హాలంతా నోట్ చేసుకుంది. శ్రద్ధంటే అదీ!

ఇక సారుగారి డిజిటల్ సంతకం కీ ఉండేది ఆపరేటర్ సొరుగులో, స్టాంపు ప్యాడ్ పక్కన. సారు సెలవు పెట్టినా సంతకం మాత్రం డ్యూటీలోనే ఉంటుంది.

పాస్‌వర్డ్ మూణ్నెల్లకోసారి మార్చాలన్న రూలు ఉందిగా అంటారా? మార్చారు. 123 కాస్తా 124 అయింది. గడువు పెట్టి మార్పించొద్దు, లీకైందని తెలిస్తేనే మార్పించండి, పొడుగాటిది పెట్టుకోనివ్వండి అని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఆ కాగితం ఇంకా తపాలా సెక్షన్‌లో ఉన్నట్టుంది.

మనమే ఇంతా అని చిన్నబోనక్కర్లేదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నిఘా కెమెరాల సర్వర్‌కు పాస్‌వర్డ్ ‘లూవ్ర్’ అని 2014 తనిఖీలో తేలింది. 2025లో అక్కడి నగలు చోరీ అయ్యాక గానీ ఆ ముచ్చట ఊరందరికీ తెలియలేదు. దొంగలు మాత్రం, పాపం, నిచ్చెన లారీ తెచ్చుకుని మరీ కిటికీ కోసుకుని వచ్చారు!