పొగ లేదని నిరూపించుట

కాలిఫోర్నియాలో మేముండే బే ఏరియా లాంటి చోట్ల పెట్రోలు కారుకి ఎనిమిదేళ్లు దాటితే రెండేళ్లకోసారి పొగ పరీక్ష తప్పదు. స్మాగ్ చెక్ అంటారు. ఇక్కడి వాహనాల శాఖ డీఎంవీ వారు రిజిస్ట్రేషన్ నోటీసు పంపిస్తూ, స్మాగ్ సర్టిఫికెట్ కావాలని అందులో ఓ మూల ఒక్క ముక్క వేస్తారు. ఆ ముక్క కనబడితే ఇక ఆ నెలంతా మనది కాదు.

మాది 2006 మోడల్. సంక్రాంతికి తెనాలి వెళ్లి, వస్తూ వస్తూ నాన్నగారిని కూడా వెంటబెట్టుకొచ్చేసరికి గరాజ్‌లో బ్యాటరీ చచ్చి ఉంది. కొత్తది వేయించాను. కారు కిమ్మనకుండా స్టార్టయింది. ఆ వెనకే నోటీసు దిగింది.

స్మాగ్ షాపుకి నాన్నగారూ బయల్దేరారు. తెనాలిలో ఆయన స్కూటరుకి పీయూసీ చేయించిన అనుభవం ఉంది. బంకు పక్కన వ్యాను, సైలెన్సర్‌లోకి ఓ గొట్టం, నంబరు ప్లేటుకి ఫొటో, చేతిలో కాయితం. ఇక్కడా అదే జరుగుతుందని సైలెన్సర్ దగ్గరే కాపలా నిలబడ్డారు. షాపు కుర్రాడు మాత్రం స్టీరింగు కింద తల దూర్చి ఏదో కేబుల్ గుచ్చాడు.

"ఏరా, పొగ వచ్చేది ఇటు కదా, వాడు అటు వెతుకుతాడేం?"

2000 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి ఇక్కడ గొట్టం పెట్టరనీ, లోపలి కంప్యూటర్‌నే అడుగుతారనీ, కంటికి కనబడే పొగ వస్తోందేమో ఓసారి చూసి ఊరుకుంటారనీ చెప్పాను.

"అంటే నువ్వు దొంగవా అని దొంగనే అడుగుతారన్న మాట!"

దొంగ నిజం చెప్పినా బాగుండేది. మా కంప్యూటర్ ఏమీ గుర్తులేదంది. తెర మీద 'నాట్ రెడీ' అని పడింది.

కిటుకు ఇది. కారు నడుస్తున్నంతసేపూ ఆ కంప్యూటర్ క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ, ఆక్సిజన్ సెన్సర్లనీ, ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే ఏర్పాటునీ తనే పరీక్షించుకుని ఫలితాలు దాచుకుంటుంది. బ్యాటరీ తీశామో, పలక తుడిచినట్టు అన్నీ పోతాయి. మా కారు వయసు వాటికి ఆవిరి పరీక్ష ఒక్కటి బాకీ ఉన్నా ఒప్పుకుంటారు గానీ, మిగతావన్నీ పూర్తవ్వాలి. ఈ నిబంధన ఊరికే రాలేదు. చెక్ ఇంజన్ దీపం వెలిగితే షాపు ముందే దాన్ని చెరిపేసి, అమాయకంగా లోపలికొచ్చే మహానుభావులు ఉంటారు. వాళ్ల కోసం వేసిన వలలో బ్యాటరీ మార్చుకున్న సంసారులం పడతాం.

"ఏం చెయ్యమంటావు?" అని అడిగితే, "నడపండి" అన్నాడు కుర్రాడు. రాత్రంతా ఇంజను చల్లారాలట. పొద్దున్నే స్టార్ట్ చేసి కాసేపు నిలబెట్టి ఉంచాలట. తరవాత హైవే మీద ఒకే వేగంతో పోవాలట. ట్యాంకు మరీ నిండుగా ఉండకూడదు, మరీ ఖాళీగానూ ఉండకూడదు.

అలా 280 ఫ్రీవే మీద మా తండ్రీకొడుకుల విహారం మొదలైంది.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికీ కాదు నాన్నా. ఊరికే."

"ఊరికే ఎందుకు?"

"మన కారు గాలి పాడుచెయ్యడం లేదని నిరూపించడానికి."

ఆయన పెట్రోలు ముల్లు వంక ఓసారి, నా వంక ఓసారి చూసి మౌనం దాల్చారు. అప్పులు చేసి పెళ్లిళ్లు చేసినప్పుడు కూడా నేను చూడని మౌనం అది.

ఆయన్ని ఊరడిద్దామని చరిత్ర ఎత్తుకున్నాను. 1943 జులైలో లాస్ ఏంజిలిస్‌ని పొగమంచు కమ్మేస్తే, జనం జపాన్ వాళ్లు విషవాయువు వదిలారనుకున్నారు. ఆ పొగకి మూలం కార్లూ, ఆయిల్ రిఫైనరీలూ వదిలే వాయువుల మీద ఎండ పడటమేనని తర్వాత తేల్చినవాడు హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. అంతకు ముందు ఆయన పనల్లా అనాసపండుకి ఆ రుచి ఎలా వస్తుందో తేల్చడం.

"హాయిగా అనాసపండు దగ్గరే ఉండిపోవాల్సింది," అన్నారు నాన్నగారు.

ఆయనకి ఈ రాష్ట్రం మీద గౌరవం కలిగించిన చట్టం ఒకటే. 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకి ఈ పరీక్ష లేదు. కన్వర్టర్ లేకుండా బుసబుసమని తిరిగే కార్లు దర్జాగా పోవచ్చు. "పెద్దవాళ్ల జోలికి రారన్న మాట. మంచి పద్ధతి," అని తలూపారు. ఇందులో న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మళ్లీ షాపుకి వెళితే, కంప్యూటర్‌కి జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. పాసయ్యాం. షాపు వాడి కూలీ కాక, ప్రభుత్వ సర్టిఫికెట్‌కి 8.25 డాలర్లు. నాన్నగారు చెయ్యి చాపి నిలబడ్డారు, అద్దానికి అంటించుకోవడానికేమైనా ఇస్తారేమోనని. సర్టిఫికెట్ నేరుగా డీఎంవీకే కంప్యూటర్‌లో వెళ్లిపోతుందని కుర్రాడు చెప్పాడు. ఇంత పెట్రోలు తగలేసినందుకు ముద్ర ఉన్న కాయితమైనా చేతికి రాలేదని ఆయన ఇంటికొచ్చేదాకా బాధపడ్డారు.

కాబట్టి కాలిఫోర్నియాలో పాత కారున్న తెలుగువాళ్లకి నా మనవి: ఇండియా వెళ్లొచ్చి బ్యాటరీ మార్పించారా, నోటీసు వచ్చేదాకా ఆగకండి. సగం ట్యాంకుతో హైవే ఎక్కండి. పక్క సీట్లో మాత్రం నాన్నగారిని కూర్చోబెట్టుకోకండి.