బావ బాష్‌ఆర్‌సీ

మా బావ పనిచేసే ల్యాబులో సర్వరు ఒకటే, దాని మీద పడేవాళ్లు బోలెడు. రూటు పాస్‌వర్డ్ అడ్మిన్ దగ్గర ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా కావాలంటే ఆయనకో మెయిలు పెడితే సరి. బావ పెట్టడు. "ఇంకొకణ్ణి దేబిరించే ఖర్మేంట్రా మనకి?" అంటాడు. ఇంట్లో గ్యాసు బుక్ చెయ్యాలన్నా అక్కనే అడుగుతాడు, అది వేరే సంగతి.

అంచేత హోమ్ డైరెక్టరీలోనే వేరు కాపురం. పైథాన్ సొంతం, జీసీసీ సొంతం, చివరికి విమ్ కూడా సొంతమే. సోర్సు దించుతాడు, కాన్ఫిగర్‌లో ప్రిఫిక్స్‌గా తన 'లోకల్' ఫోల్డరు చూపిస్తాడు, మేక్, మేక్ ఇన్‌స్టాల్. జీసీసీ కట్టే రోజైతే మనిషి గంటలకొద్దీ ఉలకడు పలకడు, బాలింతను కాచుకున్నట్టు తెర ముందే కాపలా.

అసలు వైభవం బాష్‌ఆర్‌సీలో ఉంది. ఎంత దిగినా ఎక్స్‌పోర్ట్ పాత్, ఎక్స్‌పోర్ట్ పాత్. పనికిరాని లైను కూడా చెరపడు, ముందు హ్యాష్ పెట్టి అట్టే ఉంచుతాడు. "ఉంటే అన్నం పెట్టమంటుందా?" ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములుంటే పాత్ వరసలో ముందు తగిలినదాన్నే షెల్ నడుపుతుంది కాబట్టి, ఈయన 'లోకల్ బిన్' ఎప్పుడూ మొదటి బంతిలోనే. అంతవరకూ బాగానే ఉంది. ఎల్‌డీ లైబ్రరీ పాత్ కూడా బాష్‌ఆర్‌సీలోనే పెట్టేస్తాడు. దాంతో సిస్టమ్ ప్రోగ్రాములు సైతం ఈయన లైబ్రరీలు పట్టుకుని అర్థంలేని ఏడుపులు ఏడుస్తాయి. "లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ ఇచ్చుకోవచ్చుగా బావా?" అంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా" అంటాడు. నాకూ ఆయనకూ నాలుగేళ్లే తేడా.

కానీ కొత్త వెర్షన్ కావాలంటే పిల్లలంతా అడ్మిన్ గడప తొక్కకుండా బావ దగ్గరికే వస్తారు. కాదనడు. వాళ్ల పాత్‌లన్నీ ఇప్పుడు ఈయన హోమ్‌లోకే. ఈయన లోకల్ ఫోల్డరు సర్దుకున్న రోజు సగం ల్యాబు చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

మొన్న నా ఎదురుగానే కొత్త పాత్ లైను రాసి, చివర డాలర్ పాత్ తగిలించడం మరిచి సోర్స్ కొట్టాడు. ఎల్‌ఎస్ లేదంది. క్యాట్ లేదంది. గ్రెప్ లేదంది. నా గుండె గుభేల్‌మంది. బావ నింపాదిగా విమ్ అని కొట్టాడు. తెరుచుకుంది, సొంతది కదా!

"చూశావా, పోయినవి సర్కారువి. మనవి మనకున్నాయి."