విజ్జీ దొరవారికి జోడ్‌భావి పేట్ నుంచి బహిరంగ లేఖ

భారత క్రికెట్ బోర్డు మాజీ అధ్యక్షులు, భారత జట్టు మాజీ కెప్టెన్ శ్రీ పూసపాటి విజయానంద గజపతిరాజు వారి సముఖానికి,
విడిది: స్వర్గలోకం, పెవిలియన్ పక్క.

అయ్యా,

సోలాపూర్‌లో చద్దర్లు నేసుకుని బతికే ఒకడు దండాలు పెట్టి చేసుకునే విన్నపం. తమరు 1965లోనే కాలం చేశారు కనుక జవాబుకు తొందరేమీ లేదు.

సంగతల్లా పేరు గురించే. మా తాతలు తెలంగాణ నుంచి మూటాముల్లె సర్దుకుని ఇక్కడి మగ్గాల మీదికి వచ్చినప్పుడు దారిలో పోకుండా మిగిలిన ఆస్తి ఇంటిపేరు ఒక్కటే. అది ఒక పల్లె పేరు, నాలుగు గడపల ఊరట. నేను చూసింది లేదు. అక్కడ బస్సు ఆగుతుందో లేదో కూడా తెలీదు. అయినా ఇక్కడ మావాడెవడైనా బాకీ ఎగ్గొడితే మొదట తిట్లు తినేది ఆ పల్లే.

తమరి వెనక ఉన్నది పల్లె కాదు, విజయనగరం. 1936 ఇంగ్లండ్ టెస్టుల స్కోరు పట్టీలు చూడండి. అందులో గజపతిరాజు అన్న మాటే ఉండదు. 'మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం' అని ఊరే బ్యాటు పట్టుకుని దిగినట్టు ఉంటుంది. ఆ ఊరు మూడు టెస్టుల్లో కొట్టిన పరుగులు మొత్తం 33, సగటు 8.25. ఊళ్లో ఉన్నవాళ్లు ఏ పాపమూ ఎరగరు. తమరైనా అప్పటికే కాశీలో కాపురం.

గురజాడ అప్పారావు గారు తిరిగిన వీధులు విజయనగరానివి. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది అక్కడే, 1892లో. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల నడిపారు, ద్వారం వారి ఫిడేలు మోగింది. ఇంత చేసిన ఊరికి క్రికెట్ పుస్తకాల్లో మాత్రం ఎనిమిదింపావు సగటు!

ఆ పర్యటన గొడవలు తమరికి గుర్తు చేయడం నాకు ఇష్టం లేదు, కానీ ఊరి పేరు అందులో ఇరుక్కుంది. లాలా అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని గంటల తరబడి కూర్చుంటే వేరేవాళ్లను బ్యాటింగుకు పంపారు. అతను విసిగి నాలుగు మాటలు అనేసరికి మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించారు. మాంచెస్టర్‌లో మర్చంట్, ముష్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 కొడుతుంటే, మర్చంట్‌ను రనౌట్ చేయమని ముష్తాక్‌కు తమరే చెప్పారని ఒక కథ. కౌంటీ కెప్టెన్‌కు బంగారు గడియారం ఇచ్చి సులువైన బంతులు వేయించుకున్నారని ఇంకో కథ. కథలకేం లెండి. సర్ బిరుదు మాత్రం కథ కాదు. జట్టు ఇంగ్లండులో ఓడుతుండగానే అది తమ మెడలో పడింది. తర్వాత ఆ పర్యటన మీద విచారణ జరిపిన బోమాంట్ కమిటీ తమరి కెప్టెన్సీని ఉతికి ఆరేసింది.

మా సాంచాల మీద చద్దరు అంచున పేరు నేస్తాం. ఒక్కో అక్షరానికీ జాకార్డు అట్టల మీద చిల్లులు కొట్టాలి. ఒక్క చిల్లు తప్పితే అక్షరం విరుగుతుంది. అట్ట మార్చేదాకా దిగే ప్రతి చద్దరు మీదా అదే విరిగిన అక్షరం. రంగు దిగితే గిరాకీ అద్దకంవాణ్ణి తిట్టడు, అంచు మీది పేరును తిడతాడు. తమరు అంచు మీద వేసుకున్నది ఊరి పేరు, దొరా.

తమరి మంచి కూడా చెప్పాలి. 1930–31లో హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను మన దేశానికి రప్పించి సొంత జట్టులో ఆడించారు. సొంత డబ్బు మంచినీళ్లలా పోశారు. ఆ డబ్బుతోనే కెప్టెన్సీ దాకా వెళ్లారనే వాళ్లూ ఉన్నారు, అది వేరే లెక్క. స్వరాజ్యం వచ్చే వేళకు ఆ సర్‌ను తిరిగిచ్చేశారు. 1954లో బోర్డు అధ్యక్షులయ్యారు.

తమరు ఆ కుర్చీలో ఉండగానే, 1955 నవంబరులో, హైదరాబాద్ ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్ల తొలి డబుల్ సెంచరీ. తమరి మూడు టెస్టుల పరుగులకు ఆరున్నర రెట్ల పైమాట, అదీ ఒక్క ఇన్నింగ్స్‌లో. ఆ పాలీ పుట్టింది మా సోలాపూర్‌లో. స్కోరు పట్టీలో పి.ఆర్. ఉమ్రీగర్ అని మాత్రమే ఉంది. 'సోలాపూర్' అని రాసుకోమని మేం అడగలేదు, ఆయనా రాసుకోలేదు. రాసుకుని ఉంటే మా పేటలో ఇంటికో బ్యాటు ఉండేదేమో!

కనుక మా మనవి: పైలోకంలో తమరికి బోర్డు మీద ఇంకా పలుకుబడి ఉంటే, ఆ మూడు టెస్టుల పట్టీల్లో ఊరి పేరు కొట్టేయించి పి.వి.ఎ. గజపతిరాజు అని పెట్టించండి. ఆ 33 పరుగులు తమరి ఖాతాలోనే ఉంటాయి, ఒక్కటీ పోదు. కుదరదంటే కనీసం విజయనగరం పక్కన ఒక చుక్క పెట్టించి, కింద 'ఊరికి సంబంధం లేదు' అని అచ్చు వేయించండి.

ఇట్లు,
జోడ్‌భావి పేట్ నేతగాడు

తాజాకలం: జవాబు రాస్తే కవరు మీద తండ్రి పేరు కూడా వేయించండి. మా గల్లీలో ఈ ఇంటిపేరు వాళ్లం చాలామందిమి. పోయిన వారం కరెంటు బిల్లు కూడా వేరే ఇంటికే పోయింది.