బేనిషా బండి బోర్డు: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇచ్చట కార్బైడు వేయని బేనిషా పండ్లు అమ్మబడును.
గ్యాసు పండ్లు కావు.
అప్పు లేదు.

అవతారిక

ఎండలు ముదిరితే తిరుపతిలో లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా రోడ్డు వారన మామిడిపండ్ల బండ్లు నిలబడతాయి. పై గ్రంథం అలాంటి ఒక బండి గొడుగు కర్రకు పురికొసతో కట్టిన అట్టముక్క మీద ఎర్రరంగుతో రాసి ఉంది. గ్రంథకర్త పేరు లేదు. కాలం మే నెల అని అంతస్సాక్ష్యం వల్ల, అంటే పండ్ల వల్ల, తెలుస్తున్నది. ‘కార్బైడు’లో చివరి ‘డు’ చోటు చాలక కింది వరుసలోకి జారింది. దీన్ని యతిభంగమని ఆక్షేపించేవారు ఉండవచ్చు గానీ, మూలం వచనం కాబట్టి ఆ ఆక్షేపణ నిలవదు.

జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో వ్యాకరణం, ఐసర్‌లో రసాయనశాస్త్రం, 1954 నుంచి ఉన్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రెండూ చెప్పే ఊరు ఇది. అయినా ఈ బోర్డుకు ఇంతవరకు టీక లేదు. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఇక్కడ మూలమే మూడు వాక్యాలు. ఈ వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞ పట్టే స్థితిలో లేడు.

ప్రతిపదార్థం

ఇచ్చట = ఈ బండి ఉన్నచోట. బండిని ఎవరైనా జరపమన్నప్పుడల్లా ఈ పదానికి అర్థం మారుతుంది.

బేనిషా = బంగినపల్లి మామిడి. చిత్తూరు సీమలో పుట్టినవాడు బేనిషా అంటాడు, కర్నూలు దిక్కువాడు బంగినపల్లి అంటాడు, ఇద్దరూ ఒకే కాయకు బేరమాడుతుంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది మాత్రం బంగినపల్లి పేరు మీద. అలాగే ఖాదర్ అంటే ఇక్కడ అల్ఫాన్సో. వాడుక పేరొకటి, కాగితం మీది పేరొకటి ఉండడం వల్ల వచ్చే చిక్కు మండీకే పరిమితం కాదు, ముందు చూడగలరు.

అమ్మబడును = అమ్ముతాము. కర్మణి ప్రయోగం. తెలుగులో ఈ ప్రయోగం బోర్డుల మీదే బతుకుతున్నది. నోటితో ‘అమ్మబడును’ అన్న వ్యాపారి ఇంతవరకు పుట్టలేదు.

వేయని = స్పష్టం.

కార్బైడు = ఇక్కడ ఆగాలి. అన్యదేశ్యం. చివర ‘డు’ ఉంది గదా అని రాముడు, కృష్ణుడు వలె దీనిని డుమంతమైన మహద్వాచకంగా తీసుకోరాదు. ఆయన వచ్చి కాయలు మాగబెట్టడు. కార్బన్ ప్రకృతి, ‘ఐడు’ ప్రత్యయం. ఈ ప్రత్యయం వెనుక కథ ఉంది. ఒకప్పటి రసవాదులు పదార్థాలకు తోచిన పేరు పెట్టేవారు. ఆర్సెనిక్ వెన్న, జింకు పూలు అనేవారు. మొదటిది రొట్టెకు రాసుకోవాలనిపించే పేరు, రాసుకుంటే ప్రాణం పోయే సరుకు. 1787లో పారిస్‌లో గీతోన్ ద మోర్వో, లవోయిజియే, బెర్తోలే, ఫోర్‌క్రువా అనే నలుగురు కూర్చుని, పేరు వింటే అందులో ఏమేమి కలిసున్నాయో తెలియాలని ఒక నామకరణ గ్రంథం వేశారు. తరువాత కుదురుకున్న సూత్రం ఇది: రెండు మూలకాల సమ్మేళనంలో ధనభాగం పూర్వపదం, రుణభాగం ఉత్తరపదం, ఉత్తరపదానికి ‘ఐడు’ చేరుతుంది. సోడియం క్లోరైడు, కాల్షియం ఆక్సైడు ఇలా వచ్చినవే.

శంక: మూలంలో ఉత్తరపదం ఒక్కటే ఉంది. పూర్వపదం ఏది? సిలికాన్ కార్బైడు అయితే అది సానరాయి. టంగ్‌స్టన్ కార్బైడు అయితే డ్రిల్లు బిట్టు మొన. బుట్టలో సానరాయి వేయలేదని బండి యజమాని బోర్డెక్కి చెప్పడంలో స్వారస్యం ఏమి?

సమాధానం: ప్రకరణం చూడాలి. భోజనం వేళ ‘సైంధవం తే’ అంటే ఉప్పు తేవాలి, గుర్రాన్ని కాదని పూర్వులు చెప్పనే చెప్పారు. మామిడిపండ్ల బండి మీద కార్బైడు అంటే కాల్షియం కార్బైడే. గ్యాసు వెల్డింగు షాపుకు డబ్బాల్లో వచ్చే బూడిదరంగు రాయి. సున్నాన్నీ బొగ్గునూ విద్యుత్ కొలిమిలో దాదాపు 2000 డిగ్రీల వేడికి గురిచేస్తే తయారయ్యేది.

విగ్రహవాక్యం

ఒక కాల్షియం, రెండు కార్బన్లు: ఇదీ కాల్షియం కార్బైడు. పేరు రెండు పదాలు, లోపల బంధాలూ రెండు రకాలు. కాల్షియం తన చివరి కక్ష్యలోని రెండు ఎలక్ట్రాన్లను వదులుకుని ధనావేశం పొందుతుంది. వాటిని తీసుకున్న కార్బన్ల జంట రుణావేశం పొందుతుంది. ఆ ఆకర్షణే అయానిక బంధం. ఇక ఆ జంటలోని రెండు కార్బన్లు తమలో తాము మూడు ఎలక్ట్రాన్ జతలను ఉమ్మడిగా పెట్టుకుంటాయి. ఇది సమయోజనీయ త్రిబంధం. 1916లో కాసెల్ మొదటి రకాన్ని, లూయిస్ రెండో రకాన్ని ఎలక్ట్రాన్ల భాషలో వివరించారు. కాల్షియం కార్బైడు ఆ ఇద్దరినీ ఒకే రాయిలో కూర్చోబెట్టింది.

వైయాకరణుల మాటలో చెప్పాలంటే బయటిది ద్వంద్వ సమాసం, లోపలిది సంధి. ద్వంద్వంలో ఏ పదం రూపం దానిదే, విడదీయడం తేలిక. సంధిలో అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఈ భేదం తెలియడానికి ఒక నీటి చుక్క చాలు. బుట్ట అడుగున కాగితం పొట్లంలో కార్బైడు పెడితే, కాయలు వదిలే చెమ్మ తగిలి ద్వంద్వం విడిపోతుంది. కాల్షియం నీటిలోని హైడ్రాక్సిల్‌తో కలిసి తడి సున్నం అవుతుంది. కార్బన్ల జంట మాత్రం సంధి చెడకుండా, చెరొక హైడ్రోజన్ తీసుకుని, ఎసిటిలీన్ వాయువై లేస్తుంది. పొట్లం వేడెక్కుతుంది. తరవాత విప్పి చూస్తే అందులో మిగిలేది తెల్లటి పిండి.

లెక్క చూడండి. 64 గ్రాముల కార్బైడు, 36 గ్రాముల నీరు. 26 గ్రాముల ఎసిటిలీన్, 74 గ్రాముల తడి సున్నం. అటు నూరు, ఇటు నూరు. ఇంత చక్కగా తూగే పద్యం ప్రబంధాల్లోనూ అరుదు.

కార్బైడు అన్న పేరే ఇక్కడ కొంచెం తక్కువ చెబుతున్నది. అల్యూమినియం కార్బైడులో కార్బన్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి నీళ్లు తగిలితే మీథేన్ వస్తుంది. కాల్షియం కార్బైడులో జంటగా ఉంటాయి కాబట్టి ఎసిటిలీన్ వస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు దీనిని కాల్షియం ఎసిటిలైడు అని కూడా అంటారు. కాని ‘ఎసిటిలైడు వేయని పండ్లు’ అని రాస్తే తిరుపతిలో ఒక్క కాయ అమ్ముడుపోదు.

రెండవ వాక్యం: గ్యాసు పండ్లు కావు

పూర్వపక్షం: గ్యాసు లేనిదే పండే లేదు.

ఇది బలమైన పూర్వపక్షం. వడిగడ్డిలో మాగేసిన కాయ కూడా గ్యాసుతోనే పండుతుంది. తన గ్యాసు తానే తయారుచేసుకుంటుంది. దాని పేరు ఎథిలీన్. వీధిదీపాల గ్యాసు తగిలి బటానీ మొలకలు వంకర తిరగడానికి కారణం ఎథిలీనేనని 1901లో నెల్యూబోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. పండే ఆపిల్ స్వయంగా ఎథిలీన్ వదులుతుందని 1934లో గేన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త రుజువు చేశాడు. గడ్డిలో ఒక కాయ మెత్తబడితే చుట్టుపక్కలవీ మెత్తబడేది ఇందువల్లే. మన అవ్వలకు గేన్ అక్కర్లేకుండానే తెలుసు. పండిన కాయ ఒకదాన్ని పచ్చికాయల మధ్య దూర్చి గోనె కప్పేవాళ్లు.

అయితే ఎసిటిలీన్‌కు కాయ ఎందుకు లొంగుతుంది? కాయ కణాల్లో ఎథిలీన్‌ను పసిగట్టే ప్రోటీను ఒకటుంది. దాని నడుమ రాగి అయాను ఉంటుంది. ఎథిలీన్‌లోని ద్విబంధపు ఎలక్ట్రాన్లు ఆ రాగిని పట్టుకోగానే పండమని కబురు వెళుతుంది. ఎసిటిలీన్‌కు ద్విబంధం బదులు త్రిబంధం ఉంది. అదీ రాగిని పట్టుకోగలదు, కాని పట్టు తక్కువ, మోతాదు చాలా ఎక్కువ కావాలి. కాయ మోసపోతుంది. తోలు అంతా ఒక్కరీతిగా పసుపెక్కుతుంది. ముదరకముందే కోసిన కాయైతే లోపల టెంక దగ్గర పులుపు పులుపుగానే ఉంటుంది.

ఈ బంధాల లెక్కను తెలుగు మీడియం ఇంటర్ పిల్లలు గుణింతంలో నేర్చుకుంటారు. ఈథేన్, ఈథీన్, ఈథైన్. ‘థే’ ఏకబంధం, ‘థీ’ ద్విబంధం, ‘థై’ త్రిబంధం. దిద్దేటప్పుడు ఒక గుడి మసకగా కనబడితే వాయువే మారిపోతుంది. హైడ్రోకార్బన్లకు అచ్చుల వరసన ప్రత్యయాలు మార్చుకుంటూ పోదామని 1866లో ప్రతిపాదించినవాడు హాఫ్‌మన్ అనే జర్మన్. 1892 జెనీవా సభ దానిని సూత్రంగా ఖాయం చేసింది. మరి త్రిబంధం ఉన్న ఎసిటిలీన్‌కు ద్విబంధపు ‘ఈన్’ ఎలా వచ్చింది? 1860లో బెర్తెలో ఆ పేరు పెట్టేనాటికి సూత్రం పుట్టలేదు. ఆర్ష ప్రయోగం, దోషం లేదు. 2013 నాటి ఐయూపాక్ నియమావళి కూడా ఎసిటిలీన్‌ను అలాగే ఉండనిచ్చి, పాపం ఎథిలీన్‌ను మాత్రం ఈథీన్‌గా దిద్దింది. పెద్దల తప్పు ఒప్పు, పిల్లల ఒప్పు తప్పు.

చట్టం ఏమంటున్నది? 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఎసిటిలీన్‌తో మాగబెట్టిన పండ్ల అమ్మకం నిషేధం. ఆ ఎసిటిలీన్‌నే వాడుకలో కార్బైడు గ్యాసు అంటారని నిబంధనే చెబుతుంది. కార్బైడు రాయి గదా, గ్యాసు ఎలా అవుతుందంటే, అది లక్షణావృత్తి. ‘స్వర్ణముఖిలో ఊరు’ అంటే ఒడ్డున ఊరని అర్థం. (ఎండాకాలంలో ఏటి ఇసుకలో గుడిసె వేస్తే వాచ్యార్థమూ సరిపోతుంది.) ఇక ఎథిలీన్‌కు 2016లో అనుమతి ఇచ్చారు, గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండా. దీనికోసం వేరే గదులుంటాయి. కాబట్టి ‘గ్యాసు పండ్లు కావు’ అన్న వాక్యానికి ‘పరాయి గ్యాసు పండ్లు కావు’ అని అధ్యాహారం చేసుకుంటేనే అది నిలుస్తుంది.

ఇంతకూ ఒక బంధం ఎక్కువున్నంత మాత్రాన ఎసిటిలీన్ మీద అంత కోపమెందుకని తార్కికుడు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. అసలు దోషం బోర్డులో పేరున్నవాటి కన్నా పేరు లేనివాటిలో ఎక్కువ. వెల్డింగు కోసం చేసిన కార్బైడును పండ్ల కోసం శుద్ధి చేయరు. సున్నపురాయిలోనూ బొగ్గులోనూ ఉన్న ఫాస్ఫరస్, ఆర్సెనిక్ జాడలు కొలిమిలో ఫాస్ఫైడు, ఆర్సెనైడు అయి రాయిలో ఇమిడిపోతాయి. ఇవీ ‘ఐడు’లే, పేరు మాత్రం డబ్బా మీద ఉండదు. చెమ్మ తగలగానే ఎసిటిలీన్‌తో పాటు ఫాస్ఫీన్, ఆర్సీన్ అనే విషవాయువులుగా బయటికొస్తాయి. శుద్ధమైన ఎసిటిలీన్‌కు వాసన దాదాపు లేదు. వెల్డింగు షాపు దగ్గర ముక్కుకు తగిలే ఆ వెల్లుల్లి కంపు ఈ పిలవని చుట్టాలదే. కార్బైడు ఉందా అని అడిగేవారు చాలామంది ఉన్నారు, ఫాస్ఫీన్ ఉందా అని అడిగినవారిని ఈ వ్యాఖ్యాత ఎరగడు. రెండో ప్రశ్నే ప్రాణానికి దగ్గరిది.

పాఠాంతరం

మౌఖిక పాఠం ఒకటి ప్రచారంలో ఉంది.

“ఏం నాయనా, మందేసింది కాదు గదా?”

“లేదు మా. వడిగడ్డిలో మాగేసిందే. తొడిమ కాడ వాసన చూడు మా.”

“అన్నీ ఒకటే రంగున్నాయే?”

“ఏరిపెట్టినాను మా.”

ఇక్కడ ‘మందు’ అనేది కార్బైడుకు పర్యాయపదం. ‘ఏరిపెట్టినాను’ అనే సమాధానాన్ని ఖండించడం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు.

తాత్పర్యం

ఈ బండి నిలిచిన చోట, కాల్షియం ఎసిటిలైడును గానీ అందులో అంటుకుని వచ్చే ఫాస్ఫైడు ఆర్సెనైడులను గానీ దగ్గరికి రానీయక, కాయ తనంతట తాను పుట్టించుకున్న ఈథీన్‌తోనే గడ్డిలో పండిన బంగినపల్లి పండ్లను యజమాని అమ్ముతున్నాడని భావం. ఇంత రాయడానికి అట్ట చాలదు.

మూడవ వాక్యం: అప్పు లేదు

కాల్షియం ఇచ్చిన ఎలక్ట్రాన్లు అప్పు కావు, వదులుకున్నవే కనుక ఇది అయానిక బంధాన్ని సూచించే వాక్యమని నవీనుల మతం. సమయోజనీయ బంధంలో అంతా ఉమ్మడి సొత్తే కాబట్టి అక్కడ అప్పు ప్రసక్తే రాదని మరికొందరు. గ్రంథకర్తను అడిగితే కిలో ధర చెప్పి చిల్లర ఉందా అన్నాడు. గ్రంథకర్త మతమే ప్రమాణం.