ఇంజన్ల పుస్తకంలో ఒక వరస – టీకా తాత్పర్య సహితం

అవతారిక

రైలింజన్ల మీద వచ్చే పుస్తకాలు రెండు జాతులు. ఒక జాతిలో రంగుల బొమ్మలుంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు తిరగేసి, బాగుందని పక్కన పెడతారు. రెండో జాతిలో అంకెలు మాత్రమే ఉంటాయి. వాటిని చుట్టాలకు చూపించరు. ఈ టీక రెండో జాతి కోసం.

ఈ జాతికి మన దేశం వరకు ప్రమాణ గ్రంథం హ్యూ హ్యూస్ అనే ఆయన కూర్చిన ‘ఇండియన్ లోకోమోటివ్స్’. నాలుగు భాగాలు. 1851 నుంచి 1990 దాకా మన పట్టాలెక్కిన ఇంజన్ల చిట్టా. ఏ పుట తీసినా తరగతి, నంబరు, తయారుచేసినవాడు, ఏడాది, చక్రాల లెక్క, అంతే. నాయిక లేదు, నాయకుడు లేడు, ఋతువర్ణన అసలే లేదు. ఇది మనుషులు చదివేదేనా అని అడిగేవాళ్లు పాణినిని తెరిచి చూడలేదన్నమాట. అర మాత్ర తగ్గిస్తే కొడుకు పుట్టినంత సంబరపడే వైయాకరణులు ఈ పుస్తకాలు చూసి ఉంటే ఊరందరికీ పప్పన్నం పెట్టి ఉండేవారు.

సూత్రం ఉన్నచోట భాష్యం ఉండాలి గదా. కాళిదాసుకు టీకలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

మూలము

డబ్ల్యూపీ. 7200. బాల్డ్విన్, ఫిలడెల్ఫియా. 1947. 4-6-2. చక్రం 5 అ. 7 అం. ఆవిరి 210. రేవారీ.

(ఇది ఏ పుస్తకం నుంచీ ఎత్తింది కాదు. ఆ పుస్తకాల్లో వరసలు ఏ తీరున ఉంటాయో ఆ తీరున కూర్చుకున్నది.)

ఛందస్సు

బ్రాడ్‌గేజి. పట్టాకూ పట్టాకూ నడుమ 5 అడుగుల 6 అంగుళాలు. మీటరుగేజి కాదు గనక మీటరు కుదరలేదని ఆక్షేపించరాదు. యతి డ్రైవరు చేతిలో ఉంది. ప్రాస వెదకరాదు.

ప్రతిపదార్థము

డబ్ల్యూ = బ్రాడ్‌గేజి మీద; పీ = ప్రయాణికులను లాగునట్టిదియు; 7200 = ఆ సంఖ్యయే నామముగా గలదియు; 4-6-2 = ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు చక్రములు గలదియు; 5 అ. 7 అం. = నడిమి చక్రముల అడ్డుకొలత అంతటిదియు; ఆవిరి 210 = స్పష్టము; (అగు ధూమశకటము) బాల్డ్విన్ = ఆ పేరి కంపెనీ చేత; ఫిలడెల్ఫియా = అమెరికాలోని ఆ పట్టణము చెంత; 1947 = ఆ సంవత్సరమున; (నిర్మింపబడి) రేవారీ = హర్యానాలోని ఆ ఊరి షెడ్డునందు; (ఉన్నది అని క్రియాధ్యాహారము).

విశేషములు

‘డబ్ల్యూ’. శంక: బ్రాడ్ అన్న మాట బీ అక్షరంతో గదా మొదలయ్యేది? సమాధానం: ఇక్కడి వివక్ష ‘వైడ్’ అని. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1920ల్లో, బ్రాడ్‌గేజికి ఎక్స్, మీటరుగేజికి వై, నారోగేజికి జెడ్ అని అక్షరాలు పంచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎక్స్ స్థానంలో డబ్ల్యూ ఆదేశంగా వచ్చింది. వై, జెడ్‌లు యథాస్థానంలో ఉండిపోయాయి. ఎక్స్ మోసిన అప్రతిష్ఠ సంగతి 4-6-2 దగ్గర వస్తుంది. పాఠకులు ఓపిక పట్టాలి.

ఈ వ్యాకరణం చచ్చిన భాషది కాదు. ఇవాళ సికిందరాబాదు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇంజను పక్కన చూడండి, డబ్ల్యూఏపీ-7 అని ఉంటుంది. డబ్ల్యూ బ్రాడ్‌గేజి, ఏ కరెంటు జాతి, పీ ప్రయాణికులు. పీ బదులు జీ ఉంటే గూడ్సు, ఎం ఉంటే రెండూ. ఇంతవరకు చక్కని సూత్రమే, తలనొప్పి చివరి అంకెతోనే. డబ్ల్యూడీఎం-2లో 2 అంటే ఆ జాతి డీజిళ్లలో రెండో రకం. డబ్ల్యూడీఎం-3ఏలో 3ఏ అంటే 3100 హార్స్‌పవర్. ఒకే స్థానంలో ఒకచోట వరస సంఖ్య, మరొకచోట బలం. నడిమధ్యన సూత్రం మార్చారు, పాత పేర్లు పాత సూత్రానికే కట్టుబడ్డాయి. వ్యాకరణంలో ఇలాంటివాటిని నిపాతం అని సరిపెట్టుకుంటాం. ఇంజన్ల అభిమానులు సరిపెట్టుకోరు, రాత్రంతా వాదించుకుంటారు.

‘బాల్డ్విన్’. కంపెనీ మూలపురుషుడు మథియాస్ బాల్డ్విన్ మొదట్లో నగలు చేసుకునేవాడు. 1830ల్లో ఇంజన్లలోకి దిగాడు. ఆయన పేరు మీద నడిచిన ఆ కార్ఖానా 1956లో ఇంజన్ల పని మానుకుంది. మన డబ్ల్యూపీలకు బాల్డ్విన్ ఆదికర్త మాత్రమే. తర్వాత కెనడావాళ్లు, స్కాట్లండువాళ్లు, పోలండువాళ్లు, ఆస్ట్రియావాళ్లు, చివరికి మన చిత్తరంజన్‌వాళ్లు కూడా చేశారు. 1967 నాటికి మొత్తం 755. అంటే ఒకే మూలానికి 755 ప్రతులు. అచ్చుతప్పులున్నవేవో షెడ్డువాళ్లకే ఎరుక.

‘1947’. టీక అక్కర్లేదు.

‘4-6-2’. ఈ వరసకంతటికీ ప్రాణం ఇక్కడుంది.

ముందున్న నాలుగు చిన్న చక్రాలు వంపుల్లో దారి చూపిస్తాయి. నడిమి ఆరు పెద్ద చక్రాలు బండిని లాగుతాయి. వెనకాల రెండింటికి లాగే పని లేదు, మోసే పనే. అవి ఉండబట్టే వాటి పైన ఫైర్‌బాక్సును పట్టాల వెడల్పు దాటి పక్కలకు పరవడానికి వీలైంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఇరుకు పొయ్యిలో మండి చావదు. వెడల్పు పొయ్యి కావాలి, పొయ్యిని మోయడానికి వెనక చక్రాలు కావాలి. కాబట్టి ఆ చివరి ‘2’ నిజానికి మన బొగ్గు నాణ్యత మీద రాసిన వ్యాఖ్య.

మతభేదం: ఫ్రెంచివాళ్లు ఇదే ఇంజనును 231 అంటారు. వాళ్లు చక్రాలు లెక్కపెట్టరు, ఇరుసులు లెక్కపెడతారు. ఇరుసుకు రెండు చక్రాలు గనక అర్థభేదం లేదు. హోనెగర్ అనే సంగీతకారుడు 1923లో ‘పసిఫిక్ 231’ అని ఇంజను మీదనే ఒక ఆర్కెస్ట్రా రచన చేశాడు. ఇంగ్లీషు అభిమానులు ఆ పేరు విని ఇది ఏ తరగతి ఇంజనురా అని పుస్తకాలన్నీ గాలించి ఉంటే తప్పు వాళ్లది కాదు.

ఈ అమరికకు పసిఫిక్ అన్న పేరు ఎలా వచ్చింది? 1901లో న్యూజీలండ్ కోసం బాల్డ్విన్‌వాళ్లు ఇలాంటి ఇంజన్లు చేసి పసిఫిక్ సముద్రం దాటించి పంపారు, అందుకని ఒక మతం. ఆ వెంటనే అమెరికాలో మిస్సోరీ పసిఫిక్ రైల్వే ఇలాంటివి కొన్నది, ఆ పేరే నిలిచిందని రెండో మతం. రెండూ గ్రాహ్యమే అనడం టీకాకారుల తప్పించుకునే పద్ధతి. నా ఓటు సముద్రానికి.

ఇక ఎక్స్ కథ. 1920ల్లో మన రైల్వేలు ఎక్స్‌ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ అని మూడు రకాల పసిఫిక్ ఇంజన్లు తెప్పించాయి. ముందు నాలుగు చేయించి, నడిపించి, లోపాలు చూసుకుని అప్పుడు కొనాలన్న ఆలోచన లేకుండా, కాగితం మీది బొమ్మ చూసి పెద్ద సంఖ్యలో ఆర్డరిచ్చారు. పట్టాలెక్కాక అవి వేగంలో అటూ ఇటూ ఊగాయి, పట్టాలను పక్కకు నెట్టాయి. 1937 జులైలో బీహారులోని బిహటా దగ్గర ఎక్స్‌బీ ఇంజను లాగుతున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. వందమందికి పైగా చనిపోయారు. దాని మీద పసిఫిక్ లోకోమోటివ్ కమిటీ వేశారు. బ్రిటన్‌లో పేరుమోసిన ఇంజన్ల రూపకర్త విలియం స్టేనియర్ అందులో సభ్యుడిగా ఇక్కడికి వచ్చి, బళ్లెక్కి తిరిగి చూశాడు.

ఇప్పుడు మళ్లీ మూలంలోకి రండి. ఎక్స్‌బీ వరసలోనూ 4-6-2 అనే ఉంటుంది, డబ్ల్యూపీ వరసలోనూ 4-6-2 అనే ఉంటుంది. అంకెల్లో వీసమెత్తు తేడా లేదు. ఒకటి జనాన్ని చంపింది, రెండోది నలభై ఏళ్లు మోసింది. ఆ తేడా ఎక్కడుందంటే నంబరులో ఉంది. 7200 నుంచి 7215 దాకా పదహారే. వందల్లో కొనడం 1949 నుంచే. ముందు పదహారు తెప్పించుకుని నడిపి చూద్దాం అన్న బుద్ధి బిహటా నేర్పిందనే నేను చదువుకుంటాను. పుస్తకం ఈ మాట ఎక్కడా చెప్పదు. పదహారు నంబర్లు ఒక ఏడాది కింద రాసి, మిగతావి వేరే ఏడాది కింద రాసి ఊరుకుంటుంది.

‘చక్రం 5 అ. 7 అం.’ మనలో చాలామంది పక్కన నిలబడితే చక్రం నెత్తి దాటుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి పదిహేడున్నర అడుగులు జరుగుతుంది. గంటకు అరవై మైళ్ల వేగంలో ఆ చక్రం సెకనుకు అయిదు చుట్లు తిరగాలి. గూడ్సులాగే డబ్ల్యూజీకి చక్రం ఇంతకంటే పొట్టి. దానికి పరుగు కాదు, పట్టు ముఖ్యం.

ఇందులో సంగీతశాస్త్ర విశేషం ఒకటుంది. డబ్ల్యూపీకి సిలిండర్లు రెండు. ఒక్కో సిలిండరులో పిస్టన్ ముందుకొకసారి, వెనక్కొకసారి. కాబట్టి చక్రం ఒక చుట్టుకు పొగగొట్టం నాలుగుసార్లు ఊపిరి వదులుతుంది. తకధిమి. చతురశ్ర గతి. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఆడే చుకుచుకు రైలుది కూడా ఇదే నడక. మూడు సిలిండర్ల ఇంజన్లు కూడా లోకంలో ఉన్నాయి. వాటికి చుట్టుకు ఆరు. స్టేషన్ దాటేదాకా ఈ లెక్క చెవికి స్పష్టంగా అందుతుంది, వేగం అందుకున్నాక అన్నీ కలిసి ఒకే హోరు.

‘ఆవిరి 210’. స్పష్టము అని పైన రాశాను. కష్టమైన చోట స్పష్టమని రాసి దాటిపోవడం మా టీకాకారుల కులాచారం. చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి. మీ బొటనవేలి గోరు పక్కన ఇంకో గోరు పెట్టినంత జాగా మీద ఒక భారీ మనిషి నిలబడ్డాడనుకోండి. బాయిలరు గోడ మీద ప్రతి అంగుళంలోనూ అలాంటి మనిషి ఒకడు. ఫైర్‌మన్ జీతం ఎందుకిస్తారో తెలియాలంటే ఈ గడి చాలు.

అలంకారము

స్వభావోక్తి. డబ్ల్యూపీ ముక్కు తుపాకిగుండు ఆకారంలో ముందుకొచ్చి ఉంటుంది. దాని మీద నక్షత్రం. వర్ణించడానికి ఇంత సామగ్రి ఉన్నా మూలకర్త ఒక్క ముక్క రాయలేదు. ఈ నిగ్రహం ప్రబంధకవులకు ఉండి ఉంటే మన పరీక్షలు తేలికయ్యేవి.

రసము, అధికారి

ఆక్షేపం: ఇందులో రసం ఏది? సమాధానం: ఇయాన్ అలన్ చరిత్రలో చూడాలి. లండన్ వాటర్లూలో సదరన్ రైల్వే ఆఫీసులో చిరుద్యోగి. ఇంజన్ల పిచ్చివాళ్లు రాసే ఉత్తరాలకు జవాబులు రాయడం ఆయన పని. ఒకే ప్రశ్నకు వందసార్లు జవాబు రాయలేక, నంబర్లన్నీ చిన్న పుస్తకంగా వేద్దామన్నాడు. పైవాళ్లు మాకు అక్కర్లేదన్నారు. 1942లో, యుద్ధం నడుమ, ఇరవయ్యేళ్ల ఆ కుర్రాడు సొంతంగా అచ్చు వేయించాడు. వెల షిల్లింగు. రెండువేల ప్రతులు చూస్తుండగా అయిపోయాయి. తర్వాత మిగతా రైల్వేలవీ వేశాడు. 1944లో టామ్‌వర్త్ దగ్గర పిల్లలు ఇంజన్లు చూసే మోజులో పట్టాల మీదికే వెళ్లి పోలీసులకు దొరికితే, బుద్ధిగా ఉంటామని ప్రమాణం చేసేవాళ్ల కోసం ఒక క్లబ్బు పెట్టాడు.

ఆ పుస్తకాన్ని పిల్లలు చదివే తీరు వేరు. ఒక ఇంజనును కళ్లారా చూస్తే, ఇంటికొచ్చి దాని నంబరు కింద గీత గీస్తారు. గీత పడని నంబరు కోసం వానలో ప్లాట్‌ఫారం చివర కాసుకుంటారు. ఏ కావ్యానికైనా ఇలాంటి పాఠకుడు దొరికాడా? మనుచరిత్ర చదివినవాడు ప్రవరుణ్ణి చూడ్డానికి హిమాలయం పోయి, చూసొచ్చి, పేరు కింద పెన్సిలుతో గీసుకున్నాడని ఎక్కడా లేదు. కాబట్టి ఇక్కడ విప్రలంభం ప్రధానం, గీత గీసినప్పుడు సంభోగం. అంగీ రసం శృంగారమే అని సిద్ధాంతం.

తెలుగులో ఇలాంటి పుస్తకం లేదా అంటే, ఇంజన్లకు లేదు. కానీ 1830లో మద్రాసు నుంచి పల్లకీలో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దూరాలూ, దారి మంచిచెడ్డలూ, వసతులూ రాసుకుంటూ పోయాడు. మద్రాసులో ప్రయాణికుల రైలు కూత వినబడటానికి ఇంకా పాతికేళ్లు ఉంది. బోయీలకు నంబర్లు ఉండి ఉంటే ఆయన అవీ రాసేవాడు.

ఇక మూలంలో మిగిలిన చివరి గడి, ఇంజను ఇప్పుడెక్కడుందో చెప్పేది, ‘రేవారీ’. 755లో ఈ గడి నిండినవి చాలా కొద్ది. 1995 డిసెంబరుతో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు ముగిశాయి. మిగతావాటి దగ్గర గ్రంథకర్తలు గడి ఖాళీగా వదిలేస్తారు. ఇనుము తూకానికి అమ్మిన ధర రాసేవాళ్లు లేరు.

తాత్పర్యము

1947లో ఫిలడెల్ఫియా దగ్గర బాల్డ్విన్ కంపెనీ చేసిన 7200 నంబరు బొగ్గింజను రేవారీలో ఉన్నది.

తరువాతి వరస

డబ్ల్యూపీ. 7201. చివరి గడి తప్ప తక్కినది పూర్వవత్తు. 7202 మొదలు 7215 వరకు ఇట్లే ఊహించుకునేది.